గుండె ధైర్యం

పోయినవారం ఒక సోదరి నాకు ఉత్తరం వ్రాసింది. పేరూ వూరూ బయటపెట్టవద్దని కోరింది గనక పెట్టను. ఆమె భర్తకు నాలుగు నెలల క్రితం గుండెపోటు వచ్చింది. సకాలంలో ఆస్పత్రికి చేర్చారు. ప్రాణం దక్కింది. అంతా సవ్యంగానే వున్నదని డాక్టర్లు అంటున్నారు. కాని మనిషి మునుపటి మనిషి కాడట. పలకరిస్తే పలుకుతాడు, లేకపోతే లేదు. అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. ఉత్తరం చివర ఆమె ఇలా అడిగింది: "మీరు తెలుగు మేష్టారు గదా! ఆయనకు కాస్త గుండె ధైర్యం కలిగేటట్టు ఏదైనా మంచి పద్యం వుంటే చెప్పండి. రోజూ చదివి వినిపిస్తాను."

పద్యాలకేం, కావలసినన్ని వున్నాయి. ఇరవై ఏళ్ళుగా వాటినే నమ్ముకొని బతుకుతున్నాను. కాని ఆ ఉత్తరం చదువుతూవుంటే నాకు పద్యమేదీ తోచలేదు. మా బావ ముఖం కనిపించింది. ఆ తల్లి చేయబోతున్న పనే నేను మా బావ విషయంలో చేసి, కొంచెంలో ఆయన్ని పోగొట్టుకోబోయాను. అంచేత ఈ వారం పద్యం బదులు ఆ సంగతి చెబుతాను. బావ అనుమతి తీసుకొనే సుమా! "పేరు మాత్రం వెయ్యొద్దు. తక్కిందంతా రాసుకో పో" అన్నాడు.

మాది చంద్రగిరి. మా అక్కను ఇచ్చింది కూడా ఆ వూళ్ళోనే. బావకు బజారులో బెల్లం, చింతపండు అంగడి వుంది. ఆరడుగుల మనిషి. ఆయన బేరమాడుతూవుంటే ఆ గొంతు వీధి చివరిదాకా వినిపించేది. చంద్రగిరి అనగానే మీకు కోటా, రాజమహలూ గుర్తుకు వస్తాయి. మాకు వాటితోబాటు శ్రీవారి మెట్టు కూడా గుర్తుకు వస్తుంది. శ్రీనివాస మంగాపురం దాటి కొంత దూరం పోతే కొండ అడుగున ఆ మెట్లదారి మొదలవుతుంది. అలిపిరి దారిలో 3,550 మెట్లుంటే ఇందులో 2,388. దూరం తక్కువ, నిటారు ఎక్కువ. కృష్ణదేవరాయలు చంద్రగిరిలో విడిది చేసినప్పుడు ఈ దారినే కొండకు పోయేవాడని మా పెద్దలు చెప్పుకుంటారు.

రాయలవారు ఎన్నిసార్లు ఎక్కారో గాని, మా బావ మాత్రం నెలకొకసారి చొప్పున ఇరవై ఆరేళ్ళు ఎక్కాడు. ప్రతి నెలా మొదటి శనివారం తెల్లవారుజామున అంగడి తాళంచెవులు అక్క చేతికిచ్చి బయలుదేరేవాడు. తొలి ఎండ ముదరకముందే పైన వుండేవాడు. మొక్కు ఏమీ లేదు. "ఎందుకు బావా ఈ శ్రమ, హాయిగా బస్సులో పోరాదా?" అని ఒకసారి అడిగాను. "నెలంతా తక్కెడ ముందర కూర్చోనుంటాను గదా అబ్బోడా, ఆ పొద్దొక్కటే నా కాళ్ళు నావి అనిపిస్తాయి" అన్నాడు.

రెండేళ్ళ క్రితం కార్తీకమాసంలో అంగట్లో బెల్లం మూట దించుతూ రొమ్ము పట్టుకొని కూలబడ్డాడు. ఒళ్ళంతా చెమటలు. పక్క అంగడివాళ్ళు ఆటోలో వేసుకొని తిరుపతికి తీసుకుపోయారు. మా నాయన కాలంలో గుండెజబ్బు అంటే వేలూరికో మద్రాసుకో పరుగెత్తవలసిందే. ఇప్పుడు ఆ అవస్థ తప్పింది. తిరుపతిలో స్విమ్స్ 1993లో వచ్చింది. చిన్నపిల్లల గుండెజబ్బుల కోసమని 2021లో శ్రీ పద్మావతి హృదయాలయం వెలిసింది. ఇవిగాక మరికొన్ని ఆస్పత్రులు వున్నాయి. వాటిలో ఒకదానిలో బావను చేర్చారు. మూసుకుపోయిన రక్తనాళంలో సన్నని జల్లిగొట్టం పెట్టి దారి తెరిచారు. దానినే స్టెంటు అంటారు. అయిదో రోజున ఇంటికి పంపారు.

పంపుతూ డాక్టరు ఎన్నో జాగ్రత్తలు చెప్పాడు. అందులో ఒకటి: మెట్టుదారి ఇక వద్దు. ఇందులో వింత ఏమీ లేదు. గుండెజబ్బు వున్నవాళ్ళు కాలినడకన కొండ ఎక్కవద్దని దేవస్థానంవారు కూడా చెబుతూనే వుంటారు. కాని ఆ మాట విన్నప్పుడు బావ ముఖం ఎట్లా వుందో మాలో ఒక్కరమూ చూడలేదు. అందరమూ మందుల చీటీ చూస్తున్నాం.

ఇంటికి వచ్చిన తరవాత అక్క ఇంటినే ఆస్పత్రి చేసింది. ఉప్పు పోయింది. ఊరగాయ జాడీ కంటికి కనిపించని చోటికి పోయింది. అంతవరకూ మంచిదే. కాని అక్కడితో ఆగలేదు. అంగడి కొడుకు చేతికి వచ్చింది. నాయనకు శ్రమ అని లెక్కల పుస్తకం కూడా ఆయనకు చూపించడం మానుకున్నాడు. నీళ్ళ బిందె ముట్టగూడదు. మనవణ్ణి ఎత్తుకోగూడదు. ఊళ్ళో చావు కబురు ఏదైనా వుంటే ఆయన చెవిన పడగూడదు. గట్టిగా నవ్వినా అక్క లోపలినుంచి "మెల్లిగా, మెల్లిగా" అనేది. కొన్నాళ్ళకు ఆ మాట అనే అవసరం లేకుండా పోయింది.

ఇక పరామర్శకు వచ్చినవాళ్ళ సంగతి చెప్పనక్కర లేదు. ప్రతివాడూ ఒక కథ తెస్తాడు. "మా చిన్నాయన గూడా ఇట్లే బాగయినాడు. ఆర్నెల్లు బాగానే తిరిగినాడు. ఒక రాత్రి నిద్రలో..." అని అంతటితో నాలుక కరుచుకొని కాఫీ వైపు తిరుగుతాడు. ఆ మిగిలిన సగం కథ బావ రాత్రిపూట పూర్తి చేసుకునేవాడు. నిద్ర పట్టేది కాదు. ఎడమవైపు తిరిగితే గుండె చప్పుడు తలగడలో వినిపిస్తుందని ఎడమవైపు తిరిగేవాడు కాదు. ఒక్కొక్క రాత్రి రెండింటికి లేచి వసారాలో గోడకు ఆనుకొని కూర్చునేవాడు. అక్క లేచి చూస్తే, "గాలికి వచ్చినాలే" అనేవాడు.

నేను ఏం చేశాను? తెలుగు మేష్టారు ఏం చేస్తాడు, మాట్లాడతాడు. ప్రతి ఆదివారం పోయి గంటసేపు మాట్లాడి వచ్చేవాణ్ణి. "గుండె ధైర్యం చేసుకో బావా! నీలాంటివాడే ఇట్లా దిగాలుపడితే ఇక అక్క సంగతేమిటి? పిల్లల సంగతేమిటి?" ఇదీ నా ఉపన్యాసం. పద్యాలు కూడా చదివాను. అవి చాలలేదని అక్కినేని నాగేశ్వరరావుగారి కథ ఎత్తుకున్నాను. 1953లో దేవదాసుగా గుండె పగిలి చచ్చిపోయి తెలుగుదేశాన్నంతా ఏడిపించిన ఆ మహానటుడికి 1974లో నిజంగానే గుండెకు శస్త్రచికిత్స జరిగింది, అమెరికాలో. ఆయన వచ్చి ఇంట్లో ముసుగు తన్ని పడుకున్నాడా? 1976లో అన్నపూర్ణ స్టూడియో వెలిసింది. 1981లో ప్రేమాభిషేకం వచ్చింది. కోత పడిన ఆ గుండెతోనే నలభై ఏళ్ళు బతికి 2014లో కన్నుమూశాడు. "చూశావా బావా?" అన్నాను, గెలిచినవాడిలాగా.

బావ కొంచెంసేపు ఊరుకొని, "ఆయన నాగేశ్వరరావు. నేను బెల్లమోణ్ణి" అన్నాడు. మళ్ళీ కొంచెం ఆగి, "అబ్బోడా, నా గుండే పోయె గదా. ధైర్యం తెచ్చి యాడ పెట్టుకోమంటావు?" అన్నాడు.

నాకు నవ్వు వచ్చింది. ఎంత చమత్కారంగా అన్నాడు, మనిషి తేరుకుంటున్నాడు అనుకున్నాను. మరునాడు కాలేజీలో తోటివాళ్ళకు ఆ మాట చెప్పి వాళ్ళను కూడా నవ్వించాను. ఈ ముక్క వ్రాయడానికి సిగ్గుగానే వుంది. అయినా వ్రాయకపోతే ఈ వారం వ్రాసి ప్రయోజనం లేదు.

మూడు వారాల తరవాత, మాఘమాసంలో, అక్క ఫోను చేసింది. ఏడుస్తోంది. గుండెపోటు వచ్చిననాటినుంచి బావ వక్కాకు మానేశాడు. ఆ వక్కాకు పెట్టె మంచం కింద మూలన పడివుంది. ఇల్లు వూడుస్తూ దాన్ని తీసి తుడవబోతే లోపల గలగలమన్నది. మూత తీసి చూస్తే అన్నీ మాత్రలు! రోజూ ఆమె చేతిలో పెట్టిన మాత్రను నోట్లో వేసుకున్నట్టే వేసుకొని, ఆమె అటు తిరగగానే తీసి ఆ పెట్టెలో దాచాడు. స్టెంటు పెట్టినవాళ్ళు రక్తం గడ్డకట్టకుండా కొన్ని మాత్రలు తప్పకుండా వేసుకోవాలి. డాక్టరు చెప్పకుండా వాటిని ఆపితే ఆ స్టెంటే మూసుకుపోయి మళ్ళీ గుండెపోటు రావచ్చు. ఈ సంగతి బావకు తెలియనిది కాదు. "ఎందుకిట్లా చేసినావు?" అని అక్క అడిగితే ఒకే మాట అన్నాడట: "వేసుకోని యేం చెయ్యాల?"

అప్పుడు తెలిసింది నాకు, ఆయన ఆనాడు చమత్కారం ఆడలేదని. వున్నమాట వున్నట్టు చెప్పాడు. విన్నవాడికి తెలుగు వచ్చుగాని వినడం రాలేదు.

మరునాడు తిరుపతికి తీసుకుపోయాం. డాక్టరు గుండె పరీక్ష అంతా చేశాడు. రక్తపరీక్షలు వ్రాశాడు. గుండెకు ఇచ్చే కొన్ని మందులవల్లా, థైరాయిడ్ తేడావల్లా కూడా నీరసం రావచ్చునట. ముందు అవి చూడాలన్నాడు. ఆ తరవాత కాగితాలు పక్కన పెట్టి, కుర్చీ ముందుకు జరుపుకొని, బావను రెండే ప్రశ్నలు అడిగాడు. "ఈ రెండు వారాలుగా, మునుపు ఇష్టంగా చేసుకున్న పనుల మీదకు మనసు పోవడం లేదా? దిగులుగా, ఇక దేనికీ ఆశ లేదని అనిపిస్తోందా?"

బావ చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు. "రెండూ వుండాయి సార్" అన్నాడు.

"చచ్చిపోదామని ఎప్పుడైనా అనిపించిందా?" అని డాక్టరు సూటిగానే అడిగాడు. అక్క ఉలిక్కిపడింది. నాకు కూడా, ఇదేం ప్రశ్న, లేని ఆలోచన పుట్టించడానికా అనిపించింది. బావ మాత్రం మొదటిసారి తలెత్తి డాక్టరు ముఖం చూశాడు. "చావాలని లేదు సార్. బతకాలని గూడా లేదు." మూడు నెలలుగా మేమంతా చుట్టూ కూర్చునివుంటే ఒక్కరికీ చెప్పని మాట అది. ఎవరూ అడగలేదు గనక చెప్పలేదు. అడిగితే ఆలోచన పుట్టదనీ, అడిగినవాడి దగ్గర బరువు కొంత దిగుతుందనీ డాక్టరు తరవాత మాకు చెప్పాడు.

నేను నా గొప్ప చెప్పుకుందామని, "ధైర్యంగా వుండమని రోజూ చెబుతూనే వున్నామండీ" అన్నాను. డాక్టరు నవ్వాడు. "జ్వరం వచ్చినవాణ్ణి చల్లగా వుండమంటే జ్వరం దిగుతుందా మేష్టారూ? ఇది పిరికితనం కాదు. డిప్రెషన్. గుండెపోటు తరవాత చాలామందికి వచ్చే జబ్బు. దీనికి కూడా వైద్యం వుంది" అన్నాడు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి పడుకున్నాను గాని నిద్ర పట్టలేదు. మన భాషలో గుండె మీద ఎన్ని మాటలున్నాయో ఒక్కొక్కటే గుర్తుకు వచ్చాయి. భయం వేస్తే గుండె గుభేలుమంటుంది, గుండె జారిపోతుంది. దుఃఖం వస్తే గుండె చెరువవుతుంది. కష్టం ఓర్చుకుంటే గుండె రాయి చేసుకున్నాడంటాం. తెగించినవాణ్ణి గుండెలు తీసిన బంటు అంటాం. స్థైర్యానికి గుండె నిబ్బరమనీ గుండె దిటవనీ పేరు పెట్టాం. రక్తం తోడే కండకూ, మనిషిలోని ధైర్యానికీ మనం ఒకే మాట వాడుకుంటున్నాం. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఇది మన భాషకు అందమని చెబుతాను. అందమే, కాదనను. కాని "నీ గుండె బలహీనంగా వుంది" అని డాక్టరు అన్నప్పుడు, బావలాంటివాడి చెవికి ఆ మాట ఎట్లా వినిపిస్తుంది? జబ్బు చేసింది వేలెడంత రక్తనాళానికి. మేమంతా చుట్టూ చేరి, జబ్బు చేసింది ఆయన మగతనానికీ, ధైర్యానికీ అన్నట్టు మాట్లాడాం. ఏ సరుకు తన దగ్గర అయిపోయిందని ఆయన అనుకుంటున్నాడో, సరిగ్గా దాన్నే తెచ్చి చూపించమని ప్రతి ఆదివారం నేను నిలదీశాను.

తరవాత తీరిక చేసుకొని ఈ విషయం కొంత చదివాను. గుండెపోటు వచ్చినవారిలో ఇంచుమించు అయిదుగురిలో ఒకరికి చికిత్స అవసరమైనంత కుంగుబాటు వుంటుందట. 1993లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో నాన్సీ ఫ్రేజర్-స్మిత్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు, గుండెపోటుతో చేరిన 222 మందిని ఆరు నెలలపాటు గమనించారు. కుంగుబాటు వున్నవాళ్ళలో మరణాలు తక్కినవారికంటే ఎన్నోరెట్లు ఎక్కువగా కనిపించాయి. కారణాలు ఒకటి రెండు కావు. కుంగినవాడు మాత్ర వేసుకోడు, నడవడు, మానేసిన చుట్ట మళ్ళీ ముట్టిస్తాడు. అదిగాక దిగులు శరీరంలోపల కూడా పనిచేస్తుంది. గుండె వేగాన్ని అదుపుచేసే నరాల మీదా, రక్తం గడ్డకట్టే తీరు మీదా దాని ప్రభావం వుంటుంది. గుండెజబ్బు రోగులను ఆ రెండు ప్రశ్నలూ అడగమని అమెరికన్ హార్ట్ అసోసియేషన్‌వారు 2008లో డాక్టర్లకు సలహా చెప్పారు. మా డాక్టరు అడిగినవి అవేనన్నమాట.

అయితే చికిత్స చేస్తే గుండె కూడా బాగుపడుతుందా? ఇక్కడ వున్నది వున్నట్టే చెప్పాలి. 2003లో అమెరికాలో 2,481 మంది మీద జరిగిన పెద్ద పరిశీలన ఫలితం ప్రకటించారు. నిపుణులు మాట్లాడి ఇచ్చే చికిత్సవల్ల దిగులు తగ్గింది. కాని మళ్ళీ గుండెపోటు రావడం గాని, మరణాలు గాని తగ్గలేదు. మన దేశంలో 24 ఆస్పత్రులలో దాదాపు 4,000 మంది గుండెపోటు రోగులను తీసుకొని, వారిలో సగం మందికి 13 వారాల యోగశిక్షణ ఇచ్చి చూశారు. దాని ఫలితాలు 2020లో వచ్చాయి. అక్కడా ప్రాణాపాయం తగ్గినట్టు తేలలేదు. కాని ఆ రోగులు తమ ఆరోగ్యం మెరుగ్గా వున్నదని చెప్పారు. గుండెపోటుకు ముందు చేసుకునే పనులలోకి మరింత బాగా తిరిగి వెళ్ళగలిగారు. ఇంతేనా అని నాకు మొదట నిరుత్సాహం కలిగింది. బావ వక్కాకు పెట్టె గుర్తుకు వచ్చిన తరవాత, ఇంత చాలదా అనిపించింది.

గుండె డాక్టరు మమ్మల్ని మానసిక వైద్యుడి దగ్గరకు పంపాడు. అక్కడ ఇంకో తంటా. "మా ఇంటాయనకేమన్నా పిచ్చా? వూళ్ళో తెలిస్తే ఏమనుకుంటారు?" అని అక్క మొండికేసింది. నేను నచ్చచెప్పబోయాను. ఈసారి బావే అన్నాడు: "గుండెకు చూపించుకుంటే లేని సిగ్గు దీనికెందుకే? పోదాం పా." ఆ డాక్టరు గుండెజబ్బు వున్నవాళ్ళకు సరిపడే మాత్ర ఒకటి ఇచ్చాడు. ఇటువంటి మాత్రలలో సెర్ట్రలిన్ అనేదాన్ని గుండెపోటుతోనో గుండెనొప్పితోనో ఆస్పత్రిలో చేరిన 369 మందిలో సగం మందికి పరీక్షగా వాడి చూశారు. అది గుండెకు హాని చేయలేదని 2002లో తేల్చారు. పాతకాలపు మందులు కొన్ని గుండె లయను చెడగొట్టవచ్చు. అంచేత పొరుగింటివాళ్ళకు పనిచేసిందని మందుల అంగట్లో మీరే కొని తేవడం మాత్రం పనికిరాదు.

మాత్ర వేసిన మర్నాడే బావ లేచి నవ్వలేదు. మూడు నాలుగు వారాలు పట్టింది. మొదట నిద్ర వచ్చింది. తరవాత పేపరు అడిగాడు. డాక్టరు మాకు కూడా వైద్యం వ్రాశాడు: ఆయన దగ్గర లాక్కున్నవన్నీ ఒక్కొక్కటే తిరిగి ఇచ్చెయ్యండి. లెక్కల పుస్తకం తిరిగి వచ్చింది. వచ్చిన రోజే కొడుకు కూడికలో నూటనలభై రూపాయల తప్పు పట్టుకున్నాడు. మనవడు కూర్చున్నచోట ఒళ్ళోకి వచ్చాడు. నడక కూడా లెక్కప్రకారమే. మొదటి వారం పది నిమిషాలు. ఆపైన వారానికి కొంచెం చొప్పున పెంచుతూ, నడుస్తూ మాట్లాడగలిగినంత వేగంతోనే నడవాలి. రొమ్ములో బరువుగాని, ఆయాసంగాని తోస్తే ఆగిపోవాలి. పొద్దున్నే ఇద్దరమూ కోటవైపు పోయేవాళ్ళం. నేను నోరు మూసుకొని నడవడం నేర్చుకున్నాను. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఇంత కష్టమైన పాఠం ఇంకొకటి లేదు.

ఇదంతా తిన్నగా సాగిందని అనుకోకండి. చైత్రంలో ఆయన ఈడువాడే, పక్కవీధి స్నేహితుడు, గుండెపోటుతో పోయాడు. ఈసారి మేం దాచలేదు. బావ పోయి చూసి వచ్చి, వారంరోజులు మంచం దిగలేదు. పడిందంతా బూడిదలో పోసిన పన్నీరేనా అని అక్క కుమిలిపోయింది. డాక్టరు దగ్గరకు ముందుగానే తీసుకుపోయాం. ఎనిమిదో రోజున లేచి చెప్పులు వేసుకున్నాడు. ఇప్పటికీ కొన్ని రోజులు మబ్బు పట్టినట్టే వుంటాడు. అయితే ఇప్పుడు, "ఈ పొద్దు బాగలేదబ్బా" అని నోటితో చెబుతాడు.

సోదరీ, ఇక మీ సంగతి. గుండెపోటు తరవాత కొన్నాళ్ళు దిగులుగా వుండటం సహజం. దానికి బెదరనక్కర లేదు. కాని రెండు వారాలు దాటినా ఆ ముసురు విడవకపోతే, నిద్రా ఆకలీ తప్పితే, దేనిమీదా ఆశ కనిపించకపోతే, ఆయన్ని చూసే గుండె డాక్టరుకే ఆ సంగతి చెప్పండి. రోగి చెప్పడు, డాక్టరుకు తీరిక వుండదు. మీరే చెప్పాలి. మాత్రలు నిజంగా మింగుతున్నాడో లేదో చూడండి. కాని పోలీసులాగా కాదు. చచ్చిపోవాలనే మాట ఆయన నోట వస్తే కొట్టిపారేయవద్దు, ఒంటరిగా వదలవద్దు, ఆ పూటే వైద్యుడి దగ్గరకు తీసుకుపొండి. 2022 అక్టోబరులో ప్రభుత్వంవారు టెలీ మానస్ అని ఒక ఫోను సహాయం ఏర్పాటు చేశారు. 14416 నెంబరుకు చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. మీకోసం కూడా చేయవచ్చు. రోగి పక్కన రాత్రిళ్ళు మేలుకునేవాళ్ళ సంగతి ఎవరూ అడగరు. మా అక్కను కూడా మేం చాలా ఆలస్యంగా అడిగాం.

ఆయన్ని ధైర్యంగా వుండమనకండి. ఎట్లా వుందో అడగండి. అడిగి, ఆయన చెప్పేదాకా కాసేపు ఊరుకోండి.

బావ ఇక మెట్లు ఎక్కడు. ఆ లోటు మందుతో పూడేది కాదు, మేం పూడ్చగలిగిందీ కాదు. అయితే ఆరు నెలలనుంచి, ప్రతి నెలా మొదటి శనివారం తెల్లవారకముందే ఆటోలో మంగాపురం దాకా పోతున్నాడు. అంగట్లోని మంచి బెల్లంతో, మిరియాలూ యాలకులూ దంచివేసి అక్క పెద్ద గుండిగ నిండా పానకం కలుపుతుంది. రోడ్డు పక్క చెట్టుకింద కూర్చొని, మెట్టుకు పోయేవాళ్ళకు తలా ఒక గ్లాసు ఇస్తాడు. ఆయన గొంతు మునుపటిలాగా వీధి చివరిదాకా వినిపించకపోయినా, రోడ్డు అవతలికి వినిపిస్తుంది. మొదట్లో కొండకు వీపు పెట్టి కూర్చునేవాడు. నేను గమనించాను గాని ఏమీ అనలేదు. ఈ నెల పోయినప్పుడు చూస్తే పక్కకు తిరిగి కూర్చున్నాడు.

పద్యం సంగతి మరచిపోలేదమ్మా. మీవారు తమంతట తాము ఏదైనా చదవాలని అడిగిన రోజున నాకు ఒక కార్డు ముక్క వ్రాయండి. మంచి పద్యమే పంపుతాను.